ఉప్పు గిడ్డంగిలో పట్టిన గొంతు

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. టెక్కలిలో చిన్నపిల్లల బడిలో పంతులుగా ఉండేవాణ్ణి. దసరా సెలవులకు ఇంకో వారం ఉందనగా బళ్ళు తనిఖీ చేసే అధికారి నన్ను పిలిపించాడు. మద్రాసు నుంచి ఒక దొర వస్తున్నాడని, ఏ ప్రాంతంలో జనం ఎలా మాట్లాడతారో యంత్రంలో పట్టుకుపోవడం ఆయన పని అని, ఆ మాటలు కాగితం మీద రాసిపెట్టడానికి ఒక మనిషి కావాలని చెప్పాడు. "నువ్వు వెళ్ళు" అన్నాడు. వెళ్తావా అని అడగలేదు.

పలాస స్టేషనులో దొరతో పాటు రెండు చెక్కపెట్టెలు, వాటిని పసిపిల్లల్లా చూసుకునే ఒక సన్నటి మనిషి దిగారు. యంత్రం నడిపేది ఆయనే. మద్రాసు వైపు మనిషి. పుస్తకంలోంచి చదువుతున్నట్టు తెలుగు మాట్లాడేవాడు. అందరం ఆయన్ని మేస్త్రీ గారు అనేవాళ్ళం.

ఆ యంత్రం సంగతి ఇప్పటివాళ్ళకు కొంచెం చెప్పాలి. అందులో ఒక మైనపు గొట్టం గిరగిరా తిరుగుతుంది. దాని మీద సూది ఆనుకుని ఉంటుంది. వెడల్పు మూతి ఉన్న ఇత్తడి కొమ్ములోకి ముఖం పెట్టి మాట్లాడితే, ఆ మాటకు సూది కదిలి మైనం మీద గీత పడుతుంది. ఆ గీత మీద ఇంకో సూది నడిపితే మాట తిరిగి వినిపిస్తుంది. ఒక్కో గొట్టానికి రెండు నిమిషాల మాట పడుతుంది. అంతే.

మాట్లాడవలసిన కథ కూడా మద్రాసులోనే రాసి పంపారు. ఒక రైతు ఎద్దు తప్పిపోతుంది, వెతుక్కుంటూ పోయి దాన్ని పొరుగూరి కొట్టంలో చూస్తాడు. అన్ని ప్రాంతాలవాళ్ళూ ఇదే కథను తమ మాటల్లో చెప్పాలి. కథ ఒకటే అయితే మాటల్లో తేడా తెలుస్తుందని దొర ఆలోచన.

మొదటిరోజు పలాసలోనే, స్టేషను దగ్గర ఒక పాకలో ఒక రైతు చేత చెప్పించాం. తిరిగి పెట్టి వింటే రైతు గొంతు కన్నా గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకున్న చప్పుడే ఎక్కువగా వినిపించింది. మాట్లాడుతున్నప్పుడు మా చెవులకు ఆ చప్పుడు పెద్దగా ఆనలేదు. మన చెవి కావలసిన మాటను ఏరుకుంటుంది, ఆ యంత్రానికి ఏరుకోవడం రాదు. రెండోరోజు ఉద్దానంలో ఒక కొబ్బరితోటకు వెళ్ళాం. అక్కడ గాలికి మట్టలు కొట్టుకున్న చప్పుడు మైనం మీద జడివానలా పడింది. మూడోరోజుకు దొరకు జ్వరం తగిలి టెక్కలి బంగళాలో మంచం పట్టాడు. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ మాట రెండు గొట్టాలైనా స్పష్టంగా పట్టి తెమ్మని మేస్త్రీనీ నన్నూ బండెక్కించాడు. "స్పష్టంగా" అన్న మాటను ఆయన రెండుసార్లు అన్నాడు.

మేం వెళ్ళిన ఊరు సముద్రానికి మరీ దగ్గర. ఆ ఊళ్ళో అలల హోరు ఆగే క్షణం లేదు. మగవాళ్ళను నలుగురిని ప్రయత్నించాం. ఒకాయన కొమ్ము చూసి సిగ్గుపడి నోరు విప్పలేదు. ఒకాయన ఒడ్డు నుంచి పడవలోవాణ్ణి పిలిచినట్టు అరిచాడు. మిగతా ఇద్దరూ నన్ను చూసి, పంతులుగారి ముందు తప్పు మాట్లాడకూడదని, రాని పుస్తకాల భాష పలకబోయి తడబడ్డారు. మేస్త్రీ తల పట్టుకున్నాడు.

అప్పుడు ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మే మనిషి. గుమిగూడిన వాళ్ళను తోసుకుని ముందుకొచ్చి, "ఏటి సేత్తన్నారు బాబూ? ఆ పెట్టెలో ఏటున్నాది?" అని అడిగింది. అంత హోరులోనూ ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. మేస్త్రీ తల ఎత్తి నావైపు చూశాడు. నేనూ ఆయన్నే చూశాను.

సంగతి చెప్పాను. ఆవిడ కొమ్ములోకి తొంగిచూసి, "నా మాట ఇందులో ఉండిపోద్దా?" అంది. ఉండిపోతుందన్నాను. పక్కనే వల బాగుచేసుకుంటున్న ఆవిడ భర్త నవ్వాడు. "ఎల్లే. నీ నోటికి ఆ పెట్టె బద్దలైపోవాల" అన్నాడు. ఊరంతా నవ్వింది. మర్నాడు వస్తానని ఆవిడ ఒప్పుకుంది.

ఇక చోటు కావాలి. ఊరికి పడమర, ఉప్పుమడుల అంచున, వాడకం మానేసిన పాత ఉప్పు గిడ్డంగి ఒకటుంది. గోడలు మూరన్నర మందం. సముద్రం వైపు కిటికీ లేదు. పడమటి గోడకు పైన ఇనపచువ్వలతో చిన్న గవాక్షం ఒకటి, ఉత్తరాన ఒక తలుపు. లోపలికి అడుగుపెడితే హోరు సగానికి సగం తగ్గిపోయింది. గవాక్షంలో గోనెలు కుక్కితే ఇంకా తగ్గింది. మేస్త్రీ చప్పట్లు కొట్టి విని, ప్రయాణం మొదలయ్యాక మొదటిసారి నవ్వాడు.

మర్నాడు పడవలు వేటకు వెళ్ళిపోయాక, రెండు జాముల పొద్దుకు ఆవిడ వచ్చింది. యంత్రాన్ని ముక్కాలి పీట మీద పెట్టాం. అంతా సిద్ధమయ్యాక తలుపుతో చిక్కొచ్చింది. గాలికి అది టకటకా కొట్టుకుంటోంది. లోపలి గడియ ఎప్పుడో ఊడిపోయింది. గోనె అడ్డం పెట్టి చూశాం, రాయి పెట్టి చూశాం, ఆగలేదు. అప్పుడు నేనే బయటికి వెళ్ళి, గిడ్డంగికి కాపలా ఉండే ముసలాయనతో, "బయట గొళ్ళెం పెట్టేయ్. మేం తట్టినప్పుడు తియ్యి. ఇక్కడే కూర్చో" అని చెప్పాను. ఆయన సరేనన్నాడు. నేను లోపలికి రాగానే గొళ్ళెం పడింది. టకటక ఆగిపోయింది.

లోపల చీకటి. గోనె సందుల్లోంచి వచ్చే వెలుతురే దిక్కు. ఉప్పు వాసన గొంతులో గరగరలాడుతోంది. ఆవిడ తల కొమ్ము మూతిలోకి పెట్టి, కదలకుండా నిలబడాలి. పక్కకు తిరిగితే మాట సన్నబడుతుంది. దగ్గరికి వస్తే పగిలిపోతుంది. మేస్త్రీ నేల మీద బొగ్గుతో గీత గీసి, "ఈ గీత దాటరాదు" అన్నాడు.

"నూతిలో తొంగి సూసినట్టున్నాది బాబూ. ఊపిరాడ్డం లేదు" అంది ఆవిడ.

"రెండు నిమిషాలేనమ్మా" అన్నాను.

మొదటి గొట్టం బ్రహ్మాండంగా వచ్చింది. ఎద్దును ఆవిడ తన ఎద్దులాగే వెతికింది. "ఓరి నా బాబే, ఏ ఊరు పోనావురా" అని కథలో లేని మాట ఒకటి కలిపింది. మేస్త్రీ కొంచెం భాగం తిరిగి పెట్టి విన్నాడు. ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. ఆవిడ తన గొంతు విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇది నానేనేటి! ఇంత ముసిల్దాన్నా?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

రెండో గొట్టం మొదలుపెట్టాం. రైతు పొరుగూరి పొలిమేర చేరేసరికి ఆవిడ ఆగిపోయింది.

"అదేటి?" అంది.

మేస్త్రీ చెయ్యి ఊపాడు, ఆపొద్దని. గొట్టం తిరుగుతూనే ఉంది. నాకేమీ వినిపించలేదు. ఆవిడ గీత దాటి వెనక్కి జరిగింది. "ఊరుకోండి, ఊరుకోండి" అంటూ తూర్పు గోడకు చెవి ఆనించింది. అప్పుడు నాకూ వినిపించింది. గోడ అవతల, చాలా దూరంలో, నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు కేకలు.

"ఏదో తగువులా ఉంది" అన్నాడు మేస్త్రీ.

"తగువు కాదు. పడవ తిరగబడిపోనాది" అంది ఆవిడ. "ఆ కేక నాకు తెల్దా? తలుపు తీయించండి, బేగి."

నేను తలుపు తట్టాను. జవాబు లేదు. పిడికిలితో కొట్టాను, కాలితో తన్నాను. పిలిచాను. కాపలా ముసలాయన లేడు. తరవాత తెలిసింది, కేక వినగానే ఆయనా ఒడ్డుకు పరుగెత్తాడని, ఆయన తమ్ముడి కొడుకూ ఆ పడవలోనే ఉన్నాడని. మేం లోపల ఉన్న సంగతి ఆయనకు ఆ క్షణాన గుర్తు లేదు. ఆయన్నేమనగలం?

ఆవిడ కూడా వచ్చి తలుపు మీద పడింది. ముగ్గురం కలిసి తోశాం. టేకు తలుపు. ఇనప గొళ్ళెం. అంగుళం కూడా కదల్లేదు. ఇన్ని ఊళ్ళు తిరిగి, బయటి చప్పుడు లోపలికి రాని చోటు ఎంచుకున్నాం. లోపలి చప్పుడు బయటికి పోదని మాకు తోచనే లేదు.

గవాక్షంలో గోనెలు పీకేశాం. పీట మీది యంత్రం దించి, పీటెక్కి చువ్వలు పట్టుకుని అరిచాను. ఎదురుగా ఉప్పుమడులు, తెల్లగా, ఖాళీగా. మనిషి జాడ లేదు. ఊరంతా అవతలి వైపు, సముద్రం దగ్గర ఉంది. గాలి సముద్రం మీంచి వీస్తోంది కనక ఊరి కేకలు మాకు వినిపిస్తున్నాయి గాని, మా అరుపు ఊరికి చేరే దారి లేదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

ఎండ ముదిరింది. గోడలు చల్లగానే ఉన్నా గాలి ఆడక చొక్కాలు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. మేస్త్రీ మైనపు గొట్టాలు మెత్తబడతాయేమోనని పెట్టెను దూదితో కప్పి, మూలకు చేర్చి, దాని పక్కన కూర్చున్నాడు. ఆవిడ తలుపుకు, తూర్పు గోడకు మధ్య తిరుగుతూనే ఉంది. గోడకు చెవి పెట్టి, "ఆడోళ్ళ ఏడుపు కాదింకా. అరుపులే. ఎవలినో లాగుతన్నారు" అనేది. కాసేపాగి, "ఇప్పుడేటీ ఇనబడ్డం లేదు" అనేది. ఏది మంచికో ఏది చెడ్డకో మాకు తెలీదు.

కొమ్ము సంగతి నాకు ముందే తట్టింది. సన్న మూతికి నోరు పెట్టి, వెడల్పు మూతి గవాక్షానికి ఆనించి అరిస్తే మాట దూరం పోతుంది. మేస్త్రీతో చెప్పాను.

ఆయన కొమ్మును ఒళ్ళోకి లాక్కున్నాడు. "అది సర్కారు సొత్తు. చువ్వలకు తగిలి నొక్కుపడినా స్వరం మారిపోతుంది. నా ఉద్యోగం పోతుంది, పంతులుగారూ. నాకు నలుగురు ఆడపిల్లలు. కాపలావాడు రాకుండా ఎక్కడికి పోతాడు? కొంచెం ఓర్చుకోండి" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

నేను ఓర్చుకున్నాను. అదే నేను చేసిన పని. తనిఖీ అధికారి గుర్తొచ్చాడు, దొర గుర్తొచ్చాడు, బడి గుర్తొచ్చింది. కొమ్ము పాడైతే రాసే సంజాయిషీ కాగితంలో మొదటి వాక్యం కూడా మనసులో కూర్చుకున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో సరిగ్గా చెప్పలేను. గవాక్షంలోంచి నేల మీద పడ్డ ఎండ పలక, నేను చూస్తుండగానే, ఒక జానెడు జరిగింది.

ఆవిడ నడవడం మానేసి నేల మీద కూలబడింది. ఏడవలేదు. "మేస్టరు బాబూ, నీకు పెళ్ళయినాదా?" అని అడిగింది.

"అయింది."

"నీ ఆడమనిసి ఇలగ తలుపెనకాల ఉండిపోయి, నువ్వు బయట సచ్చిపోతన్నావనుకో. మద్దిలో నాలాటిదొకర్తి నిలబడి సూత్తన్నాదనుకో. దాన్నేటంతావు?"

నేను వెళ్ళి మేస్త్రీ ఒళ్ళోంచి కొమ్ము లాక్కున్నాను. ఆయన ఒకసారి గట్టిగా పట్టుకుని, మళ్ళీ ఆయనే వదిలేశాడు. పీటెక్కబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టి ఆపింది. "నీ గొంతు పోనాది. ఇలగియ్యి" అంది. తనే పీటెక్కింది. చువ్వల మధ్య కొమ్ము మూతిని నొక్కిపెట్టి, ఊళ్ళల్లో చేపలమ్మే గొంతు ఎత్తింది.

"ఓలమ్మో! గిడ్డంగిలో ఉండిపోనామో! తలుపు తియ్యండర్రో!"

ఆ ఇరుకు గదిలో నా చెవులు గింగురుమన్నాయి. పదిసార్లు, ఇరవైసార్లు పిలిచింది. ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ పిలిచింది. చివరికి ఉప్పుమడుల గట్టు మీద, పుల్లల మోపు నెత్తిన పెట్టుకుని ఒకామె కనిపించింది. ఆగింది. అటూ ఇటూ చూసింది. మోపు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది.

గొళ్ళెం తీసిన చప్పుడు చాలా చిన్నది. తలుపు తెరిచి, ఆవిణ్ణి చూసి ఆ పుల్లలామె గుండె బాదుకుంది.

"ఓలప్పా, నువ్విక్కడున్నావేటే! నీ కోసం ఊరంతా ఎతుకుతన్నారే! సోంపేట తోవంట కూడా మనిసిని తోలినారే!"

ఆవిడ చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. నేను వెనకే పరుగెత్తాను.

ఒడ్డున తాటాకుల నీడ వేసి, ఆవిడ భర్తను ఇసకలో పడుకోబెట్టారు. ఒడ్డుకు ఇంక పది బారలుందనగా పడవను అల పక్కకు తిప్పేసిందట. మిగతావాళ్ళు ఈదుకొచ్చారు. కాపలా ముసలాయన తమ్ముడి కొడుకూ బతికాడు, ముసలాయన వాణ్ణి తీసుకుని అప్పుడే ఇంటికి పోయాడట. ఈయనకు మాత్రం పడవ అంచు రొమ్ముకు తగిలింది. ఒడ్డుకు తెచ్చినప్పుడు మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. మేం వెళ్ళేసరికి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు.

"నువ్వేదని రెండుసార్లు అడిగినాడప్పా," అని ఎవరో చెప్పారు. "మాటల పెట్టెకాడి కెల్లిందని సెప్పినాం. ఈడికి అప్పటికే తెలివి తప్పతన్నాది. పెట్టె ఏ ఇంట్లో ఎట్టినారో మాకు తెల్దు గదా."

ఆవిడ ఆయన పక్కన కూర్చుంది. చెవిలో ఇసక ఉంటే చిటికెనవేలితో నెమ్మదిగా తీసింది. ఒక చెవి అయ్యాక రెండో చెవి. అప్పటికి గాని ఏడవలేదు.

నేను కొంతసేపు అక్కడే నిలబడి, చేసేదేమీ లేక గిడ్డంగికి తిరిగి వెళ్ళాను. కొమ్ము మూతికి రెండుచోట్ల నొక్కులు పడ్డాయి. మేస్త్రీ వాటిని బొటనవేలితో సరిచేస్తున్నాడు. "పోయాడా?" అని అడిగాడు. పోయాడన్నాను. ఆయన కొమ్ము పక్కన పెట్టి, తలుపు బయటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా మేం బండి కట్టించలేదు.

టెక్కలి బంగళాలో దొర రెండు గొట్టాలూ విన్నాడు. మొదటిదానికి తల ఊపాడు. రెండోదానిలో ఎద్దు కథ సగంలో ఆగి, "అదేటి?" అన్న మాట వచ్చింది. తరవాత "ఊరుకోండి, ఊరుకోండి." ఆ వెనక సూది గరగర, ఆ గరగరలో పోల్చుకుంటే పోల్చుకోవచ్చు, లేకపోతే లేదు, దూరపు కేకలు. జరిగింది నేను చెప్పాను. దొర జ్వరం కళ్ళతో నన్ను చూసి, "పాపం" అన్నాడు. తరవాత, ఈ గొట్టం పనికిరాదు, గీకి మళ్ళీ వాడండి అన్నాడు. కొమ్ము గురించి ఏమీ అనలేదు. మేస్త్రీ ఆ రాత్రే గొట్టాన్ని కత్తికి పెట్టి తిప్పాడు. మైనం సన్నటి పొట్టులా రాలి, పరిచిన గుడ్డ మీద పడింది. ఆపమని నేను అనలేదు. ఆయన పొట్టును ఊదెయ్యకుండా, గుడ్డలో మూటకట్టి బయటికి తీసుకెళ్ళాడు. ఏం చేశాడో అడగలేదు.

నేను మళ్ళీ బడికి వచ్చాను. ఇంట్లో అంతా చెప్పాను గాని, గొళ్ళెం పెట్టమన్నది నేనేనని చెప్పలేకపోయాను. "ఆ కాపలావాడెవడో తలుపేసుకుపోయాడన్నమాట" అంది నా భార్య. అవునన్నాను. అడిగినవాళ్ళందరికీ అలాగే అవునంటూ వచ్చాను. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకునే దారి కనపడలేదు. మూడు నెలలు బడిలో పాఠం చెబుతున్నా, అన్నం తింటున్నా, ఆ ఉప్పు వాసన నా గొంతులోనే ఉండేది.

ఒక వారం టెక్కలి సంతలో ఆవిడ గొంతు వినిపించింది. ఎండుచేపలు గుట్టపోసుకుని కూర్చుని ఉంది. పక్క వరసలోకి తిరగబోయాను. అయినా వెళ్ళాను. ఆవిడ తలెత్తి చూసి, "మేస్టరు బాబా? బాగున్నావా?" అంది.

బేరాలవాళ్ళు పోయేదాకా ఆగి, ముందు కూర్చుని చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు గొళ్ళెం పెట్టమన్నది నేనే."

"నాకు తెల్దేటి?" అంది ఆవిడ. "నువ్వు బయటికెల్లి సెప్పినావు. నాను లోపలే ఉన్నాను. ఇన్నాను గదా."

"తెలిసీ నన్నేమీ అనలేదేం?"

ఆవిడ చేపల మీద ఈగలు తోలింది. "అంటే ఏటొత్తాది? నన్ను లోపలెట్టీయాలని నువ్వెట్టలేదు. అది నాకు తెలుసు. అలగని నాను మర్సిపోనాననుకోకు. కొన్నాళ్ళు నిన్ను తల్సుకుంటే కోపమొత్తాది బాబూ. పీక నులిమీయాలనిపిత్తాది. కొన్నాళ్ళు రాదు." నా ముఖం వైపు చూసింది. "ఇయ్యేల రాలేదు. ఎల్లు."

లేచి వచ్చేశాను. ఆ తరవాత ఆవిడ అయిదారేళ్ళు ఆ సంతకు వచ్చింది. కొన్ని వారాలు దూరం నుంచే పలకరించేది. నా కొడుకు పుట్టినప్పుడు పేరేం పెట్టావని అడిగింది. కొన్ని వారాలు నన్ను చూసి కూడా చూడనట్టు గంప సర్దుకునేది. ఆ వారాల్లో నేను సంత చుట్టూ తిరిగి, వెనక సందులోంచి ఇంటికి పోయేవాణ్ణి.